తుపాకి గురించి తిరుపతి, చిత్తూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను చిత్తూరు, తిరుపతి కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసే వకీలును. తుపాకి గురించి నన్ను అడిగేవాళ్లు రెండు రకాలు. పిల్లల్ని అమెరికాకు పంపి, అర్ధరాత్రి వాట్సాప్‌లో కాల్పుల వార్త చూసి వణికిపోయే తల్లిదండ్రులు కొందరు. పలమనేరు, కుప్పం, పుంగనూరు వైపు నుంచి వచ్చి, గొంతు తగ్గించి "ఇంట్లో ఒకటుంది సార్" అనే రైతులు కొందరు. ఒకరి బాధ ఇంకొకరికి సంబంధం లేనట్టే ఉంటుంది. కానీ ఇన్నేళ్లుగా ఇద్దరి మాటలూ విన్నాక నాకు తోచింది ఒకటే. కోపమో భయమో దుఃఖమో ముంచుకొచ్చిన ఆ కొద్ది నిమిషాల్లో తుపాకి చేతికి ఎంత దూరంలో ఉందన్నదే చాలాసార్లు ప్రాణాన్ని నిర్ణయిస్తోంది. అందుకే రెండు రకాల ప్రశ్నలకూ ఒకేచోట జవాబులు రాస్తున్నాను.

మా అబ్బాయి అమెరికాలో చదువుతున్నాడు. టీవీలో కాల్పుల వార్త వస్తే నిద్ర పట్టదు. నిజంగా అంత ప్రమాదమా?

ప్రమాదం ఉంది. టీవీ చూపించే తీరుకూ అసలు తీరుకూ మాత్రం తేడా ఉంది. అమెరికాలో 2021లో తుపాకి వల్ల దాదాపు 48,800 మంది చనిపోయారు. అంతకుముందు ఏ ఏడాదీ అంతమంది పోలేదు. తర్వాత సంఖ్య కొంత తగ్గింది. 2023లో సుమారు 46,700. అందులో సగానికి పైగా ఆత్మహత్యలు. ఈ మాట చెప్పగానే మన తల్లిదండ్రులు నమ్మరు, ఎందుకంటే టీవీలో కనిపించేది స్కూలు, మాల్, చర్చి. అలాంటి సామూహిక కాల్పుల్లో పోయేవాళ్లు మొత్తంలో చాలా చిన్న భాగం. మిగతా హత్యల్లో ఎక్కువ భాగం కొన్ని నగరాల్లోని కొన్ని పేటల్లోనే, ఒకరికొకరు తెలిసిన మనుషుల మధ్యే జరుగుతాయి.

అలాగని "మనవాళ్లకేం కాదు" అనలేను. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేతే ఊళ్లో, ఒక బార్‌లో కూర్చున్న తెలుగు ఇంజనీరును "మా దేశం నుంచి పో" అంటూ ఒకడు కాల్చి చంపాడు. 2023 మేలో టెక్సాస్‌లోని ఆలెన్ మాల్‌లో చనిపోయిన ఎనిమిది మందిలో ఒక తెలుగు అమ్మాయి ఉంది. పెట్రోలు బంకుల్లో, చిన్న దుకాణాల్లో రాత్రి డ్యూటీ చేస్తూ దోపిడీలో పోయిన తెలుగు పిల్లలూ ఉన్నారు. నన్నడిగితే మన పిల్లల విషయంలో ఎక్కువ భయపడాల్సింది ఈ చివరి దాని గురించే. ఇది మనం కొంతైనా తప్పించగలిగే ప్రమాదం.

అయితే మా పిల్లోడికి ఏం చెప్పాలి?

మొదట డబ్బు సంగతి దాపరికం లేకుండా మాట్లాడండి. అప్పు చేసి పంపించాం, ఎలాగోలా సంపాదించుకో అని మనం అన్నా అనకపోయినా, ఆ భారం వాడికి తెలుసు. దానివల్లే క్యాంపస్ బయట రాత్రిపూట బంకులో నిలబడతాడు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని చేయడం అక్కడి చట్టానికి విరుద్ధం. ఏదైనా జరిగితే పోలీసుల దగ్గరికి వెళ్లడానికి కూడా భయపడతారు. "నెలకు పదివేలు ఎక్కువ పంపుతాం, ఆ రాత్రి డ్యూటీ మానెయ్" అని చెప్పగలిగే ఇల్లయితే ఈరోజే చెప్పండి.

ఎవడైనా తుపాకి చూపించి డబ్బడిగితే ఇచ్చేయమనండి. ఫోను, పర్సు, కారు తాళం, ఏదైనా సరే. వాదించొద్దు, తరమొద్దు. దుకాణం ఓనరు ఏమంటాడో అన్న టెన్షన్ అసలే వద్దు.

కాల్పులు జరిగే చోట చిక్కుకుంటే అక్కడి పోలీసులు నేర్పేది మూడు మాటలు: పరుగెత్తు, దాక్కో, వేరే దారే లేకపోతే ఎదిరించు. ఇదే వరస. దాక్కుంటే ఫోను సైలెంట్‌లో పెట్టాలి, తలుపుకు ఏదైనా అడ్డం పెట్టాలి, వీలైనప్పుడు 911కు ఫోన్ చేయాలి. పోలీసులు లోపలికి వచ్చేటప్పటికి రెండు చేతులూ ఖాళీగా కనిపించాలి. అలాంటప్పుడు మీరు ఇక్కణ్నుంచి పదేపదే ఫోన్ చేయకండి. ఆ రింగే వాడు దాక్కున్న చోటు బయటపెట్టొచ్చు. ఒక మెసేజ్ పెట్టి ఎదురుచూడండి. ఎంత కష్టమో నాకు తెలుసు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకిగానీ తూటాలుగానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా కేంద్ర చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి. స్నేహితులు సరదాగా షూటింగ్ రేంజికి తీసుకెళ్లి చేతిలో పెట్టినా చిక్కే. ఫొటో దిగి స్టేటస్ పెట్టుకుంటే అదే సాక్ష్యం అవుతుంది. మినహాయింపుతో కొన్నా ప్రమాదం పోదు. సొంత వేట తుపాకిని శుభ్రం చేస్తుండగా అది పేలి, ఒక తెలుగు విద్యార్థి చనిపోయిన ఘటన 2024లో జరిగింది.

అక్కడ తుపాకి కొనడం ఎందుకంత సులభం?

వాళ్ల రాజ్యాంగంలో 1791లో చేరిన రెండో సవరణ ఆయుధం కలిగి ఉండే హక్కు గురించి చెబుతుంది. అది పౌర సైన్యానికి సంబంధించిన హక్కా, ఒక్కో మనిషికీ ఉన్న హక్కా అని చాలాకాలం వాదన నడిచింది. 2008లో హెలర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, ఇంట్లో ఆత్మరక్షణకు తుపాకి ఉంచుకోవడం వ్యక్తి హక్కేనని తేల్చింది. 2022లో బ్రూయెన్ కేసులో ఇంకో అడుగు ముందుకేసి, బయట తుపాకి పట్టుకు తిరగడం కూడా హక్కేనంది. ఏ ఆంక్ష అయినా దేశ చరిత్రలోని సంప్రదాయానికి సరిపోవాలని కొలత పెట్టింది. 2024లో రహీమీ కేసులో మాత్రం, భార్యనో స్నేహితురాలినో హింసించే ప్రమాదం ఉన్నట్టు కోర్టు ఉత్తర్వు ఉన్నవాడి దగ్గర తుపాకి ఉండకుండా చేయవచ్చని ఎనిమిది మంది జడ్జీలు ఒప్పుకున్నారు, ఒకరే కాదన్నారు.

లైసెన్స్ ఉన్న దుకాణంలో కొంటే పాత నేరాలున్నాయా అని కంప్యూటర్‌లో తనిఖీ చేస్తారు. 1993 నాటి బ్రేడీ చట్టంతో వచ్చిన పద్ధతి ఇది. వ్యాపారి కాని మామూలు మనిషి తన తుపాకిని ఇంకొకరికి అమ్మితే కేంద్ర చట్టం ప్రకారం ఆ తనిఖీ అక్కర్లేదు. కొన్ని రాష్ట్రాలు సొంతంగా తప్పనిసరి చేశాయి, కొన్ని చేయలేదు. అందుకే కాలిఫోర్నియాలో ఉన్న మీ కూతురికీ, టెక్సాస్‌లో ఉన్న మీ అక్క కొడుక్కీ చుట్టూ ఉన్న పరిస్థితి ఒకటి కాదు.

అక్కడి గొడవలో రెండు పక్షాలూ ఏమంటున్నాయి? మీరు ఎటువైపు?

తుపాకి ఉండాలి అనేవాళ్ల మాటను మనం తేలిగ్గా కొట్టిపారేస్తుంటాం. నేనలా చేయను. పోలీస్ స్టేషన్ ముప్పై నలభై మైళ్ల దూరంలో ఉన్న పల్లెలో ఒంటరిగా ఉండే మనిషి, "వాళ్లు వచ్చేలోపు నన్ను నేను కాపాడుకోవద్దా?" అంటే అది అబద్ధపు భయం అనలేం. రాత్రి అడవి అంచున చేను కాసే మన రైతు కూడా అదే మాట అంటాడు. ప్రభుత్వం ఒకసారి తుపాకులు లెక్క పెట్టడం మొదలుపెడితే చివరికి గుంజుకుంటుందన్న అనుమానం వాళ్లలో బలంగా ఉంది. దొంగ చట్టాన్ని లెక్కచేయడు కాబట్టి చట్టాలు మంచివాళ్లనే నిరాయుధుల్ని చేస్తాయన్నది వాళ్ల ఇంకో వాదన.

అవతలి పక్షం పిల్లల సమాధులు చూపిస్తుంది. స్కూళ్లలో జరిగిన కాల్పులివి: 1999లో కొలంబైన్, 2012లో శాండీ హుక్, 2018లో పార్క్‌లాండ్, 2022లో యువాల్డీ. శాండీ హుక్‌లో 20 మంది పసిపిల్లలు, ఆరుగురు పెద్దలు. యువాల్డీలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. యువాల్డీ స్కూల్లో వందల మంది పోలీసులు చేరి కూడా, గంటకు పైగా ఆ తరగతి గదిలోకి వెళ్లలేదు. "మంచివాడి చేతిలో తుపాకి ఉంటే చెడ్డవాణ్ని ఆపుతుంది" అనే మాటను ఆ తల్లిదండ్రుల ముందు ఎవరు అనగలరు? యువాల్డీ తర్వాత నెల రోజులకు అమెరికా కాంగ్రెస్ రెండు పార్టీల ఓట్లతో ఒక చట్టం చేసింది. 21 ఏళ్ల లోపు కొనుగోలుదారుల్ని మరింత తనిఖీ చేయడం, ప్రమాదకరంగా కనిపిస్తున్న మనిషి తుపాకిని కోర్టు ఉత్తర్వుతో కొంతకాలం తీసి ఉంచే రాష్ట్ర చట్టాలకు డబ్బివ్వడం అందులో ఉన్నాయి. దాదాపు ముప్పై ఏళ్లలో వచ్చిన పెద్ద మార్పు అదే.

నేను ఎటువైపు అంటే, తాత్కాలికంగా తీసి ఉంచే ఆ చట్టాల వైపు, తాళం వేసి ఉంచాలనే చట్టాల వైపు. తాత్కాలికంగా తీసి ఉంచే చట్టాన్ని 1999లో కనెక్టికట్ రాష్ట్రం మొదలుపెట్టింది, ఇప్పుడు ఇరవైకి పైగా రాష్ట్రాల్లో అలాంటివి ఉన్నాయి. ఇవి హక్కును రద్దు చేయవు. మనిషి నిలకడ తప్పిన రోజుల్లో తుపాకిని ఇంకో గదిలోకి, ఇంకో చేతిలోకి మారుస్తాయి. 2021లో మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో పదిహేనేళ్ల పిల్లాడు నలుగురు తోటి విద్యార్థుల్ని చంపాడు. కొన్ని రోజుల ముందే తండ్రి కొనిచ్చిన తుపాకి అది. 2024లో తల్లికీ తండ్రికీ చెరో పది నుంచి పదిహేనేళ్ల శిక్ష పడింది. వకీలుగా ఆ తీర్పు గురించి చాలా ఆలోచించాను. బిడ్డ చేసిన హత్యకు తల్లిదండ్రులు జైలుకెళ్లడం అన్యాయమా అని మొదట అనిపించింది. కేసు వివరాలు చదివాక నా అభిప్రాయం మారింది. కాల్పుల రోజు ఉదయమే స్కూలు వాళ్లు తల్లిదండ్రుల్ని పిలిపించి, పిల్లాడు గీసిన బొమ్మలు చూపించారు. వాళ్లు ఇంటికి తీసుకుపోలేదు. తుపాకి ఎక్కడుందని అడగలేదు.

ఇదంతా పిచ్చి వల్ల జరిగేదే కదా? మానసిక వైద్యం చేయిస్తే సరిపోదా?

మానసిక వైద్యం కావాలి, అందరికీ అందాలి. కానీ మానసిక రోగం ఉన్నవాళ్లలో అత్యధికులు ఎవరి మీదా చేయెత్తరు. వాళ్లే ఇతరుల చేతిలో దెబ్బలు తినే అవకాశం ఎక్కువ. పైగా ఆ రోగాలు ప్రతి దేశంలోనూ ఉన్నాయి. మన తిరుపతిలో లేవా? అమెరికాలో ఇన్ని తుపాకి చావులు ఉండటానికి కారణం రోగం ఒక్కటే అనడం కుదరదు.

ఆత్మహత్యల విషయంలో మాత్రం ఈ ప్రశ్న ముఖ్యం. మన పల్లెల్లో దీనికి పోలిక పురుగుల మందు. చచ్చిపోవాలన్న ఆలోచన చాలామందిలో కొద్దిసేపే ఉధృతంగా ఉంటుంది. ఆ కొద్దిసేపు గడిస్తే మనిషి నిలబడతాడు. అలా బతికి బయటపడ్డవాళ్లలో ఎక్కువమంది మళ్లీ ఆ దారి పట్టరు. శ్రీలంక అత్యంత విషపూరితమైన పురుగుల మందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించింది. 1995లో తారస్థాయిలో ఉన్న ఆత్మహత్యల రేటు ఇరవై ఏళ్లలో మూడింట రెండొంతులకు పైగా తగ్గింది. అక్కడి జనం కష్టాలేమీ తీరిపోలేదు. ప్రాణం తీసే వస్తువు చేతికి అందే దూరంలో లేకుండా పోయింది, అంతే. తుపాకి ఇంకా ఘోరం. మందు తాగినవాణ్ని రుయా ఆసుపత్రికి తీసుకెళ్లేంత సమయమైనా ఉంటుంది. తుపాకి ఆ అవకాశం దాదాపు ఇవ్వదు.

మీ ఇంట్లో ఎవరైనా అలాంటి మాట అంటుంటే, ఊరికే అంటున్నాడులే అనుకోకండి. తుపాకైనా మందు డబ్బా అయినా ఆ రోజే ఇంట్లోంచి తీసెయ్యండి, మనిషిని ఒంటరిగా వదలకండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు తెలుగులో మాట్లాడతారు, పగలైనా రాత్రైనా. అమెరికాలో ఉన్న పిల్లలకు 988.

ఆస్ట్రేలియా తుపాకులన్నీ వెనక్కి తీసుకుంది కదా. అమెరికా అలా ఎందుకు చేయదు?

అన్నీ తీసుకోలేదు. 1996 ఏప్రిల్‌లో టాస్మేనియాలోని పోర్ట్ ఆర్థర్‌లో ఒకడు 35 మందిని చంపాడు. రెండు వారాలు తిరగకముందే రాష్ట్రాలన్నీ కలిసి ఒప్పందానికి వచ్చాయి. వరసగా పేలే రకం రైఫిళ్లను నిషేధించి, సుమారు 6,50,000 తుపాకుల్ని డబ్బిచ్చి కొనేశారు. రైతులకు, వేటగాళ్లకు లైసెన్స్ మీద వేరే రకాలు ఉండనిచ్చారు. దానివల్లే హత్యలు తగ్గాయా, అంతకుముందే తగ్గుతున్నాయా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. తుపాకితో ఆత్మహత్యలు తగ్గాయన్నదాని మీద ఏకాభిప్రాయం ఎక్కువ.

అమెరికాలో జనం దగ్గర 39 కోట్లకు పైగా తుపాకులు ఉన్నాయని స్మాల్ ఆర్మ్స్ సర్వే సంస్థ 2018లో అంచనా వేసింది. అంటే మనుషులకన్నా తుపాకులే ఎక్కువ. రాజ్యాంగ హక్కు ఒకటి అడ్డం. ఆస్ట్రేలియా మందు అక్కడ అలాగే పనిచేస్తుందని నేను అనుకోను.

అదంతా అమెరికా గొడవ. మన చిత్తూరుకేం సంబంధం?

2015 నవంబరు 17ను చిత్తూరు వాళ్లు మర్చిపోలేరు. బుర్ఖాలు వేసుకుని నగరపాలక కార్యాలయంలోకి వచ్చినవాళ్లు, మేయర్ కఠారి అనురాధను ఆమె చాంబర్లోనే తుపాకితో కాల్చారు. భర్త మోహన్‌ను కత్తులతో నరికారు. ఇద్దరూ చనిపోయారు. పట్టపగలు, ఆఫీసు నిండా జనం ఉండగా. ఆ కేసు తేలడానికి దాదాపు పదేళ్లు పట్టింది. 2025 అక్టోబరులో చిత్తూరు కోర్టు ఐదుగురికి మరణశిక్ష విధించింది. హత్యలు జరిగిన రోజు ఊళ్లో షాపులు టపటపా మూసేయడం, కోర్టు దగ్గర మేమంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ నిలబడటం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. కత్తులతో పగ తీర్చుకోవడం మన జిల్లాకు కొత్త కాదు. తుపాకి రావడం మాత్రం ఇంకో మెట్టు. కత్తి పట్టినవాడు మనిషి దగ్గరికి రావాలి, అంతలో అరవొచ్చు, పారిపోవచ్చు, నలుగురు అడ్డం పడొచ్చు. తుపాకి ఆ నలుగురినీ పనికిరాకుండా చేస్తుంది.

లెక్కలు కావాలంటే, ఆ సర్వే సంస్థ అంచనా ప్రకారమే భారతదేశంలో జనం దగ్గర సుమారు 7.1 కోట్ల తుపాకులు ఉన్నాయి. అందులో రిజిస్టర్ అయినవి కోటి కూడా లేవు. జనాభాతో చూస్తే నూటికి ఐదే. సంఖ్యగా చూస్తే అమెరికా తర్వాత మనమే. కాబట్టి మన సమస్య దుకాణంలో అమ్మే తుపాకి కాదు, అటక మీదా గడ్డివాములోనూ ఉన్న నాటు తుపాకి.

అడవి పందులు చేను మొత్తం తొక్కేస్తున్నాయి. నాటు తుపాకి పెట్టుకుంటే తప్పేంటి సార్?

మీ నష్టం నిజం. చెనక్కాయ చేనులో పందుల మంద ఒక రాత్రి దిగితే ఏం మిగులుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, మాదీ ఆ వ్యవసాయమే. కౌండిన్య అడవి అంచున ఏనుగుల బాధ ఇంకా పెద్దది. "వకీలువి కాబట్టి సులభంగా చెబుతావు" అని చాలామంది అన్నారు.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు మా ఊళ్లో నా క్లాస్‌మేట్ వాళ్ల అన్న మల్బరీ తోట పక్కన రాత్రి కావలి ఉన్నాడు. పక్క చేనతను పందుల కోసం నాటు తుపాకి పట్టుకుని కాచుకున్నాడు. చెట్లు కదిలాయి. కాల్చాడు. అక్కడున్నది పంది కాదు, నీళ్ల మోటరు చూసుకోవడానికి లేచిన మనిషి. ఇద్దరి మధ్యా పగ లేదు, ఒకే పందిట్లో భోజనాలు చేసినవాళ్లు. కాల్చినతను మొదట భుజాన వేసుకుని పరుగెత్తాడు. రోడ్డు దగ్గరికి చేరేలోపే ప్రాణం పోయింది. ఆ రెండు ఇళ్లూ మళ్లీ బాగుపడలేదు. నేను వకీలు కావడానికి అదే కారణమని చెప్పను గానీ, నాటు తుపాకి కేసు వచ్చిన ప్రతిసారీ ఆ మల్బరీ తోటే గుర్తొస్తుంది.

చట్టం మాట. లైసెన్స్ లేని తుపాకి దగ్గర ఉంటే ఆయుధాల చట్టం కింద కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు జైలు, జరిమానా. ఈ శిక్షను 2019లో పెంచారు. తయారు చేసినా అమ్మినా కనీసం ఏడేళ్లు, యావజ్జీవం వరకు. పందిని చంపితే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇంకో కేసు. మనిషి పోతే ఆ కేసు వేరే. "పొరపాటున కాల్చాను" అన్న మాట శిక్ష తగ్గించొచ్చేమో గానీ, తుపాకి ఎందుకుందన్న ప్రశ్నకు జవాబు కాదు.

నాటు బాంబులూ, కంచెకు నేరుగా కరెంటు ఇవ్వడమూ ఇంకా దారుణం. ఆ బాంబు ఉండ కొరికి దవడ చీలిపోయిన ఆవును చూసినవాళ్లు మళ్లీ ఆ పని చేయరు. చేయగలిగినవి ఉన్నాయి: తక్కువ శక్తితో ఆగి ఆగి కొట్టే సోలార్ కంచె, నలుగురు రైతులు వంతులేసుకుని లైట్లు, డప్పులతో కావలి, పంట పోతే వెంటనే ఫొటోలు తీసి అటవీ రేంజి ఆఫీసులో నష్టపరిహారానికి దరఖాస్తు. పరిహారం ఆలస్యమవుతుంది, చాలదు కూడా. దాన్ని పెంచమని, త్వరగా ఇవ్వమని అడగడానికి నేను మీతో వస్తాను. పంటను నాశనం చేసే జంతువును కాల్చడానికి అధికారి అనుమతి ఇచ్చే వీలు చట్టంలో ఉంది, కానీ ఆ అనుమతి రాతపూర్వకంగా రావాలి. మనంతట మనం ఇచ్చుకునేది కాదు.

పంట రక్షణకు లైసెన్స్ ఇస్తారా? ఎలా?

చట్టంలో ఆ కారణం ఉంది. పంట రక్షణకు మందు దట్టించి కాల్చే రకం తుపాకికి లైసెన్స్ అడగవచ్చు. 21 ఏళ్లు నిండాలి. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో లైసెన్స్ ఇచ్చేది కలెక్టరు, జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో. పోలీసులు విచారించి రిపోర్టు ఇస్తారు. తుపాకి సురక్షితంగా వాడటం వచ్చని సర్టిఫికెట్ కావాలి, వైద్య పరీక్ష ఉంటుంది. లైసెన్స్ ఐదేళ్లకు. ఒకరికి రెండుకు మించి తుపాకులు ఉండకూడదు, 2019కి ముందు ఇది మూడు. నిరాకరిస్తే అప్పీలు చేసుకోవచ్చు. ఎన్నికలప్పుడు పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేయమంటారు, చేసి రసీదు తీసుకోండి. పంట కోసం తీసుకున్న లైసెన్స్ వేటకు లైసెన్స్ కాదు, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి.

పెళ్లిలో గాలిలోకి కాల్చితే?

లైసెన్స్ ఉన్న తుపాకైనా నేరమే. ఇతరుల ప్రాణానికి ముప్పు వచ్చేలా సంబరాల్లో కాల్చితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పైకి పోయిన గుండు కిందికి రావాల్సిందే.

పిల్లాడు ఎయిర్‌గన్ అడుగుతున్నాడు. కొనివ్వచ్చా?

తక్కువ శక్తి ఉన్నదానికి లైసెన్స్ అక్కర్లేదు. కానీ కన్ను పోవడానికి అది చాలు. పిట్టల్ని, అడవి జంతువుల్ని కొడితే వన్యప్రాణి కేసు. నిజంగా ఆసక్తి ఉంటే కోచ్ ఉన్న షూటింగ్ క్లబ్బులో చేర్పించండి. ఇంట్లో మాత్రం వద్దని నా సలహా.

శేషాచలం కాల్పుల గురించి మాట్లాడరేం? తుపాకి హింస అంటే జనం తుపాకేనా?

మంచి ప్రశ్న, ఇది ఎస్వీ యూనివర్సిటీ విద్యార్థి ఒకరు అడిగారు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో ఎర్రచందనం నరకడానికి వచ్చారంటూ, టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు నుంచి కూలికి వచ్చినవాళ్లు. రాళ్లతో, గొడ్డళ్లతో దాడి చేస్తే ఆత్మరక్షణకు కాల్చామని పోలీసులు చెప్పారు. పట్టుకుని కాల్చారని హక్కుల సంఘాలు ఆరోపించాయి. ఆ వివాదం జాతీయ మానవ హక్కుల కమిషన్, హైకోర్టు దాకా వెళ్లింది. దానికి ముందు, 2013 డిసెంబరులో ఇదే కొండల్లో ఇద్దరు అటవీ అధికారుల్ని స్మగ్లర్లు కొట్టి చంపారు. ఆ కుటుంబాల బాధనూ పక్కన పెట్టలేను.

నా మాట ఇది. పోలీసు చేతిలో తుపాకి ఉండాలి, దాని ప్రతి గుండుకూ లెక్క ఉండాలి. జనం తుపాకికి లైసెన్స్ అడిగే రాజ్యం, తన తుపాకి పేలినప్పుడు నిష్పాక్షికమైన విచారణకు నిలబడాలి. వచ్చింది రోజు కూలికి చెట్టు కొట్టేవాడు. లాభం తిన్నవాడు ఆ రోజు అడవిలో లేడు.

మా తాత తుపాకి అటక మీద ఉంది. ఎవరూ వాడరు. ఇప్పుడు స్టేషన్‌కు తీసుకెళ్తే కేసు పెడతారేమోనని భయం. ఏం చేయాలి?

మొదట రెండు వేర్వేరు సంగతులు చూడండి. తాతకు లైసెన్స్ ఉండి ఆయన పోయి ఉంటే, వారసులు ఆ తుపాకిని ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్లోగానీ లైసెన్స్ ఉన్న ఆయుధ డీలరు దగ్గరగానీ డిపాజిట్ చేయాలి. కావాలంటే తర్వాత మీ పేరున లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పాత లైసెన్స్ పుస్తకం పెట్టెల్లో వెతకండి, అది దొరికితే సగం పని అయినట్టే.

లైసెన్స్ లేని నాటు తుపాకి అయితే దాన్ని మీరే మోసుకుని బస్సెక్కొద్దు. ఊరవతల బావిలోనో చెరువులోనో పారేయొద్దు, అది ఇంకొకరికి దొరుకుతుంది. ముట్టుకోకుండా, ముఖ్యంగా మందు దట్టించి ఉందేమో అని మీరే గొట్టం లోపల చూడకుండా, అక్కడే ఉంచి పిల్లల్ని ఆ గదిలోకి పోనివ్వకండి. ఒక వకీలునో, ఊళ్లో నమ్మకమైన పెద్దమనిషినో వెంటబెట్టుకుని ఎస్సైని కలిసి, స్వచ్ఛందంగా అప్పగిస్తున్నామని రాతపూర్వకంగా ఇవ్వండి. నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. నాటు తుపాకులు అప్పగించమని పోలీసులే ఊళ్లల్లో పిలుపు ఇస్తుంటారు, అలాంటి సమయం ఇంకా మంచిది. కేసు పెట్టరని నేను హామీ ఇవ్వలేను. ఒకటి చెప్పగలను: లైసెన్స్ లేని తుపాకి కలిగి ఉన్నందుకు కోర్టులో కేసు నడపాలంటే జిల్లా మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి కావాలి. తనంతట తాను తెచ్చి ఇచ్చినవాడి కాగితం అక్కడ ఎంతో పనికొస్తుంది. సోదాలో దొరికినవాడి చేతిలో ఏ కాగితమూ ఉండదు.

పోయిన ఏడాది ఒక పెద్దమ్మ ఇలాగే వచ్చింది. భర్త పోయి నాలుగేళ్లయిందట, తుపాకి అటక మీదే ఉంది. కొడుకు తాగి వచ్చి గొడవ చేసే రాత్రుల్లో ఆమె నిచ్చెన తీసి పక్కింట్లో పెట్టేదట. మేం వెళ్లి దాన్ని అప్పగించి వచ్చిన రోజు, ఆమె ఆ నిచ్చెనను తిరిగి ఇంటికి తెచ్చుకుంది.